అందం ఎవరికి అడ్డం?

"ర్యాంపు కడితే ముఖద్వారం అందం చెడిపోతుందండీ!" కల్యాణ మండపాలు కట్టేవాళ్ళూ, ఇళ్ళకి ప్లానులు గీసేవాళ్ళూ తరచూ అనే మాట ఇది. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి మెట్ల దగ్గరే ఆగిపోతే, ఇక అది ముఖద్వారం ఎలా అవుతుంది?

అంతటా ఇదే వరస. మెట్లన్నీ ఒకే రంగు గ్రానైటు, ఏ మెట్టు ఎక్కడ తెగుతుందో తెలియని మెరుపు. శుభలేఖ చూస్తే గంధం రంగు అట్టమీద బంగారు అక్షరాలు. లిఫ్టులో మీటలు పోయి నున్నటి అద్దం పలక వచ్చింది. చూపు లేనివారి వేలికి అందులో ఏ అంతస్తు తగులుతుంది?

అందం వద్దనడం లేదు నేను. జాకెట్టు రంగు కలవకపోతే నాలుగు కొట్లు తిరిగే రకమే నేనూనూ. కానీ అందానికీ, సదుపాయానికీ సవతి పోరు పెట్టిందెవరు? మన గడప చూడండి. ఆచారం ఎందుకు పుట్టినా, చూపు మందగించిన మామ్మగారికి "ఇక్కడ ఎత్తుంది సుమా" అని చెప్పేది ఆ పసుపే. దాంతో ఇంటి కళ తగ్గిందా?

1967లో జపాన్‌లోని ఒకాయమాలో సెయిచి మియాకే అనే ఆయన, కాలికీ కర్రకీ తగిలే బొడిపెల పలకలు దారిలో వేయించాడు. మన రైల్వే ప్లాట్‌ఫారాల అంచున కనబడే పసుపు పలకలు ఆ కోవవే. అలాంటి పలకల మీద పూలకుండీలు పెట్టి అలంకరించే మహానుభావులూ ఉన్నారు!

అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు కావాలి. "అంత స్థలమేదీ?" అంటారు. ఫౌంటెనుకి మాత్రం ఉంటుంది! మొదటే ప్లానులో గీసి, పక్కన నందివర్ధనం మొక్కలు వేస్తే ఆ వాలే ముచ్చటగా ఉంటుంది. అన్నీ అయ్యాక అతికిస్తేనే అతుకులా కనబడేది.

2011 లెక్కల ప్రకారమే దేశంలో వికలాంగులు 2.68 కోట్లమంది. 2016లో వారి హక్కుల చట్టం వచ్చింది. ఈ ప్రమాణాలు ఒట్టి సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చెయ్యాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అంటే ఇది మన దయ కాదు, వాళ్ళ హక్కు.

టైల్సు రంగూ, శుభలేఖ నమూనా ఎంచేది చాలా ఇళ్ళలో మనమే. కొట్టువాడు "లేటెస్టండీ" అన్నప్పుడు, మెట్టు అంచు కనబడుతుందా, అక్షరం చదవడానికొస్తుందా అని అడగండి. అందరూ లోపలికి రాగలిగితేనే కదా, మన ఇంటి అందం నలుగురూ మెచ్చుకునేది!