నడవమని నోటితో చెబితే చాలదు

మా విజయనగరం వైపు డాక్టరు చీటీకి ఉన్న విలువ డాక్టరు మాటకు లేదు. చీటీలో ఉన్నది మందు. గదిలోంచి లేచి వస్తుంటే వెనకనుంచి వినిపించేది మర్యాద. ఊపిరితిత్తుల జబ్బుతో, అంటే సీఓపీడీతో, ఆస్పత్రిలో పడి లేచినవాళ్లకు ఇన్‌హేలర్ రాస్తారు, మాత్రలు రాస్తారు, ఆఖర్న "కాస్త నడుస్తూ ఉండండి" అని నోటితో అంటారు. ఆ ఆఖరి మాటే ఒక చికిత్స. దాని పేరు పల్మనరీ రిహాబిలిటేషన్. వారానికి రెండు మూడు సార్లు, కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒకరు దగ్గరుండి లెక్క ప్రకారం చేయించాలి. ఈ సంగతి రోగికి ఎవరూ చెప్పరు. ఫిజియోథెరపిస్టునైన నా దగ్గరికి మోకాళ్లు వస్తాయి, నడుములు వస్తాయి, పక్షవాతాలు వస్తాయి. ఆయాసం మాత్రం దారి తప్పితేనే వస్తుంది.

అలా మోకాలి నొప్పికని వచ్చిన ఒక పెద్దావిడ బల్ల ఎక్కేసరికే రొప్పుతోంది. పొగాకు ముట్టని మనిషి, పెళ్లయిన నాటినుంచి కట్టెల పొయ్యి ముందే బతుకు. సంచిలో ఛాతీ డాక్టరు కాగితాలు, స్పైరోమెట్రీ, ఈసీజీ అన్నీ ఉన్నాయి. ఫిజియోథెరపీకి వెళ్లమన్న ముక్క మాత్రం లేదు. మోకాలు పక్కనపెట్టి నడిపించాను. ముప్పై మీటర్ల వరండా, రెండు చివర్లా రెండు కుర్చీలు, వేలికి ఆక్సీమీటరు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో చూసే పరీక్ష అది. చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపుకుని బయల్దేరింది. అవతలి కుర్చీ దగ్గరే ఆగిపోయి "ఇంక నావల్ల కాదమ్మా, గుండె ఆగిపోతాది" అంది. ఆక్సీమీటరులో అంకె 93, నాడి బాగానే ఉంది. ఉన్నదల్లా భయం. దాన్ని ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ పెంచారు. బిందె ఎత్తనివ్వరు, చీపురు పట్టనివ్వరు. "నువ్వు కూకోయే అమ్మా, మేం సేత్తాం."

కూర్చోబెట్టడమే కొంప ముంచుతోంది. ఆయాసం వస్తుందని కూర్చుంటే తొడ కండ కరుగుతుంది. కరిగిన కండ అదే పనికి ఎక్కువ గాలి అడుగుతుంది, మళ్లీ ఆయాసం. పాడైన ఊపిరితిత్తిని నేను బాగుచేయలేను, వ్యాయామంతో స్పైరోమెట్రీ అంకె పెరగదు. కాళ్లను బాగుచేయొచ్చు, డెబ్బై దాటినా సరే. (ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు మాత్రం ముందు గుండె డాక్టరును అడగాలి.) ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చడం నేర్పుతాం, చాలామంది నోట్లో కొట్టుకుని మింగేస్తారు. పెదవులు సగం మూసి, పాల మీద మీగడ పక్కకు జరిగేంత మెల్లగా గాలి వదలడం నేర్పుతాం.

నా వృత్తి మీద మమకారంతో చెబుతున్నానని అనుకోకండి. 2015లో కోక్రేన్ సమీక్ష 65 ప్రయోగాలనూ, వాటిలోని 3,822 మంది రోగులనూ కలిపి చూసింది. ఆయాసం తగ్గుతుందని, నడిచే ఓపిక పెరుగుతుందని గట్టిగా తేలింది. అయినా జనం రారు. పేదరికం వల్ల అనుకుంటాం. మరి అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 2010 నుంచి దీనికి డబ్బు కడుతోంది కదా! 2014లో సీఓపీడీతో ఆస్పత్రిలో చేరి ఇంటికెళ్లిన సుమారు 1,97,000 మంది మెడికేర్ వృద్ధుల్లో మూడు నెలల్లోపు దీన్ని మొదలుపెట్టినవాళ్లు 1.5 శాతం. వాళ్లలో ఏడాది తిరిగేలోపు పోయినవాళ్లు 7.3 శాతం, మిగతావాళ్లలో 19.6 శాతం. ఓపిక ఉన్నవాళ్లే వెళ్లి ఉంటారు, కాబట్టి ఆ తేడా అంతా వ్యాయామానిదే అనను. కానీ కొట్టిపారేసే తేడా కాదది. మన దేశంలో 2016 నాటికే ఈ జబ్బున్నవాళ్లు ఐదున్నర కోట్ల మందని అంచనా.

ఆ పెద్దావిడను చూసే డాక్టరుగారికి ఫోన్ చేసి, మందుల కింద ఒక్క లైను రాయమని బతిమాలాను. రాశారు. అరగంట సేపు నేను చెప్పినా కదలని కొడుకు మర్నాడే తల్లిని తీసుకొచ్చి, "మేడమ్, ఇది అన్నం ముందా, తర్వాతా?" అని అడిగాడు. అన్నమైన గంటన్నరకి అన్నాను. కోర్సు అయ్యేసరికి బిందె ఆవిడే ఎత్తుతోంది, సగం నింపి.

సాలూరు నుంచి వారానికి రెండుసార్లు బస్సెక్కి రమ్మంటే తోడొచ్చేవాళ్ల కూలి పోతుంది, నిజమే. దానికీ దారుంది. ఒక్కసారి ఇంటికి వెళ్లి నడక, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల సీసాలు ఎత్తడం నేర్పి, తర్వాత ఏడు వారాలు వారానికో ఫోన్ చేస్తే కోర్సు చివరికి ఆస్పత్రిలో చేయించినంత ఫలితమూ వచ్చిందని ఆస్ట్రేలియాలో జరిగి 2017లో అచ్చయిన ప్రయోగం చెబుతోంది. ఆ ఫోన్ చేయగల మనిషి మన ఊళ్లలో ఉంది. ముప్పై దాటినవాళ్లకు ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ ఫారంలో ఆయాసం ఉందా అన్న ప్రశ్న ఉంది, వంటకు ఏం కాలుస్తారన్న ప్రశ్నా ఉంది. కట్టెలు అని టిక్కు పడుతుంది. ఆ తర్వాత ఎక్కడికి పంపాలో నేను అడిగిన ఆశాల్లో ఎవరికీ తెలియదు.

జిల్లాకో ఫిజియోథెరపిస్టును ఈ పనికి కేటాయించి, ఆ నంబరు ఆశాలకు ఇవ్వాలి. సీఓపీడీ రోగుల డిశ్చార్జి కాగితంలో మందుల పట్టికలోనే "పల్మనరీ రిహాబిలిటేషన్, వారానికి 2 సార్లు, 8 వారాలు" అని ముందే అచ్చువేయించాలి. తీరిక లేని డాక్టరు టిక్కు పెడితే చాలు.