గురిగింజెత్తు మందు

ఏప్రిల్ సగం గడిచేసరికి గద్వాల కోట గోడ మీద చెయ్యి ఆనించలేం. వనపర్తిలో మధ్యాహ్నం రోడ్లన్నీ ఖాళీ. నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటి మన్ననూరు ఘాటు ఎక్కితే నల్లమలలో ఆకు రాలిపోయి ఉంటుంది. వాగులు ఎండిపోయి, ఎక్కడో ఓ చోట మిగిలిన నీటి గుంట దగ్గరికే జంతువులన్నీ చేరతాయి. ఒకప్పుడు షికారీలకు అదే అదను. దొరలైనా నవాబులైనా పులివేటకి వేసవి కోసం కాచుక్కూర్చునేది అందుకే. ఆకు అడ్డం ఉండదు. నీళ్ల దగ్గర మంచె కట్టుకుంటే చాలు, పులే నడిచొస్తుంది.

అయితే ఆ ఎండకి వేటగాడి సంచిలోని తూటా కూడా కాగేది. బర్మింగ్‌హామ్ చలిలో తయారైన తూటా పాలమూరు ఎండలో పేలితే ఏమవుతుంది? వందేళ్ల కిందట ఇంగ్లండులోని తుపాకుల కంపెనీలు తలపట్టుకున్న ప్రశ్న అది. నవ్వులాటగా కనిపిస్తుంది కానీ, దానిమీద మనుషుల ప్రాణాలు ఆధారపడ్డాయి.

తూటా అనగానే మనకి గుర్తొచ్చేది గుండు. నిజానికి తూటా అంటే నాలుగు వస్తువుల మూట. ఇత్తడి గొట్టం, దాని అడుగున చిన్న టోపీలాంటి ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. ట్రిగ్గర్ నొక్కితే సూది వెళ్లి ప్రైమర్‌ని కొడుతుంది. అక్కడ పుట్టిన నిప్పురవ్వ మందుని అంటుకుంటుంది. మందు క్షణంలో వెయ్యో వంతు కాలంలోనే వాయువుగా మారి గుండుని ముందుకి తోస్తుంది. కారు టైరులో గాలి చదరపు అంగుళానికి 30-35 పౌండ్లు ఉంటుంది కదా... పెద్ద మృగాల వేటకి వాడే ‘.375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్’ లాంటి రైఫిల్ గొట్టంలో ఆ ఒత్తిడి 60 వేల పౌండ్ల దాకా వెళ్తుంది. ఇదంతా వేటగాడి ముఖానికి జానెడు దూరంలో!

మాగ్నమ్ అన్న పేరు సారా సీసాల నుంచి వచ్చింది. మామూలు సీసాకి రెట్టింపు పట్టే షాంపేన్ సీసాని మాగ్నమ్ అంటారు. తూటా గొట్టం పెద్దదై మందు ఎక్కువ పడితే దానికీ అదే పేరు పెట్టేశారు. హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ 1912లో తెచ్చిన ఈ .375 తూటా పొడవుగా, సన్నగా, పైకి వెళ్తూ కోసుగా ఉంటుంది. అందం కోసం చేసింది కాదది. అప్పట్లో వాడే మందు పేరు కార్డైట్. 1889లో బ్రిటిష్ వాళ్లు కనిపెట్టారు. పొడిలా ఉండదు, సేమ్యా పుల్లల్లా ఉంటుంది. ఆ పుల్లల కట్టని దూర్చాలంటే పొడవాటి గొట్టం కావాలి.

కార్డైట్‌కి ఒక జబ్బు ఉంది. వేడెక్కితే మరింత చురుగ్గా మండుతుంది. ఇంగ్లండులో సరిపోయిన మోతాదే మన మే నెలలో ఎక్కువైపోతుంది. ఒత్తిడి పెరిగి ఇత్తడి గొట్టం ఉబ్బి, తుపాకి లోపలే అతుక్కుపోతుంది. జంట గొట్టాల రైఫిల్ పట్టుకున్న వేటగాడికి ఉన్నవి రెండే దెబ్బలు. అవి కాల్చేశాక తుపాకి మధ్యకి విరిచి పాత గొట్టాలు లాగేసి కొత్తవి పెట్టుకోవాలి. ఎదురుగా గాయపడ్డ పులి... లోపల ఇరుక్కుపోయిన ఇత్తడి! అందుకే కంపెనీలు భారత్, ఆఫ్రికాలకి పంపే తూటాల్లో మందు కాస్త తగ్గించి ‘ట్రాపికల్’ రకం అని వేరుగా అమ్మేవి. కొన్ని రైఫిళ్లకైతే అవసరానికి మించిన పెద్ద గొట్టం పెట్టి, ఒత్తిడిని మొదటే తక్కువలో ఉంచారు. ‘.470 నైట్రో ఎక్స్‌ప్రెస్’ అలాంటిదే. దాని ఒత్తిడి .375తో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. అయినా 32 గ్రాముల గుండుని సెకనుకి 650 మీటర్ల వేగంతో తోస్తుంది.

ఈ .470 పుట్టుక వెనక మన దేశం పేరే ఉంది. అంతకుముందు పెద్ద మృగాలకి .450 కొలత రైఫిళ్లు వాడేవారు. అదే కొలత గుండు బ్రిటిష్ సైన్యం పాత మార్టిని-హెన్రీ తుపాకులకీ సరిపోతుంది. ఆ తుపాకులు తిరుగుబాటుదారుల చేతుల్లో చాలానే ఉన్నాయి. దొరల వేట తూటాలు చేజిక్కించుకుని, గుండు పీకి, ఇంట్లో మళ్లీ నింపుకుంటే? ఆ భయంతో 1907 ప్రాంతంలో భారతదేశానికీ సూడాన్‌కీ .450 తూటాల దిగుమతి ఆపేశారు. అంతే, లండన్ కంపెనీలు హడావుడిగా .465, .470, .475, .476 అంటూ కొత్త కొలతలు తయారు చేసుకున్నాయి. ఇవాళ్టికీ ఆఫ్రికాలో ఏనుగుల గైడ్ల భుజాన కనిపించే .470కి, ఇక్కడ ఎవరో ఇంట్లో కూర్చుని తూటా నింపుతారేమోనన్న అనుమానమే ఊపిరి పోసిందన్నమాట.

తూటాని ఇంట్లో నింపడం కొన్ని దేశాల్లో మామూలు వ్యాపకం. అమెరికాలో గ్యారేజీలో ఓ మూల చిన్న చేతి ప్రెస్సు, తక్కెడ పెట్టుకుని సాయంత్రాలు దీంతో గడిపేవాళ్లు చాలామంది. పెద్ద రైఫిల్ తూటాలు ఖరీదు. పాత కొలతల్లో అయితే దొరకడమే కష్టం. బర్మింగ్‌హామ్‌లోని కైనాక్ కంపెనీ 1960లలో ఈ తరహా తూటాల తయారీ ఆపేస్తే, తాతల నాటి రైఫిళ్లు ఉన్నవాళ్లకి మిగిలిన దారి సొంతంగా నింపుకోవడమే. పేలిన ఇత్తడి గొట్టం కాస్త ఉబ్బి ఉంటుంది. దాన్ని అచ్చులో నొక్కి మళ్లీ కొలతకి తేవాలి. పొడవు పెరిగితే అంచు కోయాలి. కొత్త ప్రైమర్ పెట్టాలి. మందు తూచి పోయాలి. చివర్న గుండు బిగించాలి. చెప్పుకుంటే నాలుగు మాటలే!

అసలు సంగతంతా తక్కెడలో ఉంది. మందుని గ్రాముల్లో తూచరు, ‘గ్రెయిన్ల’లో తూస్తారు. గ్రెయిన్ అంటే గింజ. పూర్వం గోధుమ, యవల గింజల్తో కట్టిన కొలత. మన అవుసలి గురిగింజతో బంగారం తూచినట్టే. ఒక గురిగింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లు. తూటా నింపేవాడు గ్రెయిన్‌లో పదో వంతు దాకా లెక్క చూస్తాడు. అంటే గురిగింజలో ఇరవయ్యో వంతు! గరిష్ఠ మోతాదు దగ్గరికి వచ్చాక మందు కాస్త పెరిగితే ఒత్తిడి అంతకంటే వేగంగా పెరుగుతుంది. అలాగని తగ్గించినా క్షేమం కాదు. మరీ తక్కువైతే గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోవచ్చు. అది చూసుకోకుండా రెండోసారి కాలిస్తే గొట్టమే పగులుతుంది. అందుకే అక్కడ పాటించే పద్ధతి ఒకటే: అచ్చయిన పట్టికలో ఉన్న అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి, ఒక రకం మందుకి ఇచ్చిన లెక్క ఇంకో రకానికి వాడకూడదు, నింపుతున్నప్పుడు పక్కన టీవీ ఉండకూడదు. బంగారం తూచేవాడు పొరపాటు చేస్తే డబ్బు పోతుంది, ఇక్కడ పోయేది కన్నో, చెయ్యో.

కంపెనీలే ఈ లెక్కలో బోల్తాపడ్డ సందర్భమూ ఉంది. 1956లో అమెరికాలోని వించెస్టర్ సంస్థ ‘.458 మాగ్నమ్’ తెచ్చింది. .470 బలాన్ని పొట్టి గొట్టంలో, చవకలో ఇస్తామంది. గొట్టంలో చోటు చాలక మందుని అదిమి అదిమి కూరారు. అలా కూరిన మందు కొన్నాళ్లకి తేమ పట్టిన ఉప్పులా గడ్డకట్టేది. కొన్ని తూటాలు సగం సగమే మండేవి. 1959లో మొజాంబిక్‌లో జాక్ లాట్ అనే అమెరికన్ వేటగాణ్ని అడవిదున్న కుమ్మి గాయపరిచింది. చేతిలో ఉన్నది .458. ఆయన ఊరుకోలేదు. .375 పొడవాటి గొట్టాన్నే తీసుకుని, మూతి వెడల్పు చేసి, .458 గుండు బిగించి 1971లో ‘.458 లాట్’ తయారు చేశాడు. కంపెనీకి దొరకని పరిష్కారం, ఇంట్లో తూటాలు నింపుకునే మనిషికి దొరికింది. తర్వాత పెద్ద కంపెనీలే దాన్ని తయారుచేసి అమ్మాయి. ఇక ఎండ గొడవ కూడా చాలావరకు తీరింది. వేడికీ చలికీ పెద్దగా తేడా చూపని మందులు ఇప్పుడు ఆస్ట్రేలియాలో తయారవుతున్నాయి. ఎండ సంగతి ఎండ దేశం వాళ్లకే తెలుస్తుంది మరి!

మళ్లీ నల్లమలకి వద్దాం. పాలమూరుని మహబూబ్‌నగర్‌గా మార్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీదే. ఆయన పేరున్న షికారీ. ముప్పై పులుల్ని కొట్టాడు కాబట్టే ‘తీస్‌మార్ ఖాన్’ అన్న మాట పుట్టిందని హైదరాబాద్‌లో చెప్పుకుంటారు. ఎంత నిజమో గానీ, మన్ననూరు పైన ఫర్హాబాద్‌లో నిజాం షికారు విడిది ఉండేదన్నది మాత్రం నిజం. దొరల చేతుల్లో విలాయతీ రైఫిళ్లుంటే, అదే కొండల్లో చెంచులు విల్లంబులతో తిరిగేవారు. 1943లో చెంచుల మీద పుస్తకం వెలువరించిన ఆస్ట్రియా పరిశోధకుడు హైమెండార్ఫ్ చూసింది ఆ విల్లంబుల్నే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో పులివేట ముగిసింది. మనుషుల్ని చంపే పులిని సైతం రాష్ట్ర వన్యప్రాణి ముఖ్య సంరక్షకుడి ఉత్తర్వు లేకుండా తాకడానికి వీల్లేదు. షికారుగడ్డ ఇప్పుడు 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అడుగుజాడ చూసి పులి ఎటు వెళ్లిందో చెప్పగల చెంచు యువకులు అక్కడ అటవీశాఖ వాచర్లుగా పనిచేస్తున్నారు.

కానీ చేత్తో మందు నింపే తుపాకి అడవి అంచుల నుంచి పూర్తిగా పోలేదు. నాటు తుపాకి. మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, ఇనుప గుళ్లు వేసి, కడ్డీతో దట్టించేది. ఇందాక చెప్పిన తక్కెడ, పట్టిక, అచ్చు... ఇవేవీ లేవు. మందు కొలత గుప్పెడు, చిటికెడు. గొట్టం ఏ నీళ్ల పైపు ముక్కో, దాని బలం ఎంతో చేసినవాడికే తెలీదు. అడవిపంది కోసమో జింక కోసమో చీకట్లో పేలే ఆ తుపాకి గురి పెట్టిన జంతువుకి తగులుతుందో లేదో, పేల్చినవాడి అరచేతికి మాత్రం ప్రతిసారీ గండమే. చట్టం కూడా చూస్తూ ఊరుకోదు. 2019లో సవరించిన ఆయుధాల చట్టం ప్రకారం తుపాకైనా తూటా అయినా అనుమతి లేకుండా తయారుచేస్తే కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. కూరలోకి మాంసం కోసం వెళ్లినవాడి ఇంట్లో సంపాదించే మనిషి ఏడేళ్లు ఉండడు. ఈ లెక్క ఆ కుటుంబాలకి ఎవరైనా ముందే చెబితే బాగుంటుంది.

ఇంకో సంగతి. సంస్థానాల కాలం నాటి ఇళ్లలో, పాత గడీల్లో, అటక మీది ట్రంకుపెట్టెల్లో ముత్తాత నాటి తూటాలు నాలుగైనా దొరుకుతుంటాయి. పచ్చబారిన ఇత్తడి చూసి పిల్లలు ఆడుకోవడానికి తీసుకుంటారు, పెద్దలు తోమి షోకేసులో పెట్టాలనుకుంటారు. రెండూ వద్దు. ఏళ్ల తరబడి మగ్గిన కార్డైట్ లోపల పాడైపోయి ఉంటుంది, ప్రైమర్ ఏ దెబ్బకి అంటుకుంటుందో చెప్పలేం. విప్పడం, కొట్టడం, ఎండలో పెట్టడం, పొయ్యి దగ్గర ఉంచడం, చెత్తలో వేయడం... ఏదీ చేయకూడదు. లైసెన్సు ఉన్న పెద్దాయన పోయాక ఆయన తుపాకినీ తూటాల్నీ వారసులు ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోగానీ, లైసెన్సున్న డీలరు దగ్గరగానీ అప్పగించాలి. చట్టంలో ఆ ఏర్పాటు ఉంది. తూటాలు దొరికితే వాటిని కదపకుండా స్టేషన్‌కి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు చేయండి. అప్పగించాక రసీదు అడిగి తీసుకోవడం మర్చిపోకండి.