మంచుక్రింది నిప్పు

నిప్పునకును నీటికిని పొత్తు కుదరదని మన యిండ్లలో వాడుక. కాని యీ రెండును ఒక్కచోటనే కాపురముండు దేశమొకటి భూగోళపు టుత్తరభాగమున నున్నది. దాని పేరు ఐస్‌లాండు. అచట వత్నయోకుల్ అను గొప్ప హిమానీనదము కలదు. వందలకొలది మీటర్ల మందముగల ఆ మంచుకప్పు క్రింద అగ్నిపర్వతములు నిదురించుచుండును. అవి మేల్కొన్ననాడు ఏమి జరుగునో యీ మాసమున మా సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి.

1996వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీన ఆ మంచుక్రింద నొక అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. సుమారు రెండు వారములు నిప్పు చల్లారలేదు. కరిగిన నీరు వెంటనే బయటికి రాలేదు. మంచుక్రిందుగనే ప్రవహించి, గ్రిమ్స్‌వోట్న్ అను గుప్తసరస్సును జేరి, అచట ఐదు వారములు నిండుచుండెను.

మంచుగడ్డ నీటిపై దేలునను సంగతి మన మెరిగినదే. సరస్సులో నీటిమట్టము మిక్కిలి పెరిగినపుడు, కట్టవలె అడ్డముగా నున్న మంచు సయితము పైకి లేచును. సందు దొరికిన నీరు దాని క్రిందుగా దారి చేసికొనును. పారెడు నీటి వెచ్చదనముచే ఆ దారి కరిగి యింకను వెడల్పగును. వెడల్పయిన కొలదిని ప్రవాహము హెచ్చును. ఇట్టి వరదకు ఆ దేశస్థులు 'యోకుల్‌హ్లోయిప్' అని పేరిడిరి. హిమానీనదపు పరుగని దాని యర్థము.

నవంబరు 5వ తేదీన ఆ పరుగు మొదలయ్యెను. ఉద్ధృతముగా నున్నపుడు సెకనుకు సుమారు 45,000 ఘనమీటర్ల నీరు దక్షిణతీరపు ఇసుకమైదానముపై బడెను. ఇండ్లంతేసి మంచుగడ్డలు కొట్టుకొని వచ్చెను. ఒక వంతెన పూర్తిగను, మరియొకటి కొంతభాగమును నాశమయ్యెను. అయినను ఒక్క ప్రాణమైనను పోలేదు. ఏలయన, శాస్త్రజ్ఞులు సరస్సు నిండుటను దినదినమును కనిపెట్టుచుండిరి. వారి మాటను అధికారులు చెవినిడిరి. బాటపై రాకపోకలు నిలిపివేసిరి.

ఇట్టిదే మరియొక కథ కలదు. దాని ముగింపు వేరు. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశమున నెవాదో దెల్ రూయిస్ అను అగ్నిపర్వతము శిరస్సున మంచు ధరించి యుండును. 1985వ సంవత్సరము నవంబరు 13వ తేదీ రాత్రి తొమ్మిది గంటలు దాటిన పిమ్మట అది బ్రద్దలై, వెలువడిన నిప్పుబూడిద మంచుపై బడెను. ఆ మంచులో సుమారు పదవవంతు మాత్రమే కరిగెను. కాని ఆ కొద్దిపాటి నీరే లోయలలోని మన్నును రాళ్లను కలుపుకొని బురదవరదయై, రెండు గంటలకు పైగా పయనించి, అర్మేరో పట్టణముపై బడెను. ఇరువదిమూడువేల మందికి పైగా మరణించిరి.

ఆ పట్టణమునకు ముప్పు కలదని చూపు పటమును నెల దినముల క్రిందటనే శాస్త్రజ్ఞులు సిద్ధపరచి యుండిరి. ఆ సాయంకాలము ఇండ్లపై బూడిద రాలినపుడు, భయపడక ఇంటనే యుండుడని ప్రజలకు చెప్పబడెను. నడచి చేరదగిన మెట్టనేల సమీపముననే యుండెను. ఎంద రిల్లాండ్రు పిల్లలను జోకొట్టి, తలుపులు మూసికొని పరుండిరో! చేత రెండు గంటల వ్యవధి యుండియు, ఆ మాట వారి గడప దాటి లోనికి రాలేదు.

మంచు కరుగుట మనుష్యు డాపజాలడు. మాట చేరవేయుట మాత్రము మనుష్యుని చేతిలోనిదే. ఐస్‌లాండులోనే కాట్లా అను మరియొక అగ్నిపర్వతము మంచుక్రింద నున్నది. 1918వ సంవత్సరమున అది పెద్ద వరదను విడిచెను. దాని చెంతనున్న వీక్ గ్రామస్థులు ఆపద రాకమునుపే, గుట్టపైనున్న తమ ప్రార్థనాలయమునకు చేరుట అభ్యాసము చేయుచుందురు. అచటి పసిపిల్లలకు సయితము ఆ దారి తెలియును.

నదీతీరముననో సముద్రతీరముననో కాపురముండు సోదరీమణులు ఈ రాత్రి భోజనములైన పిమ్మట ఇంటివారి నొక ప్రశ్న యడుగుదురుగాక: "నీరు వచ్చుచున్నదని కబురు వచ్చినచో, మన మెచటికి పోవలెను?" జవాబు అందరి నోటను ఒక్కటే యైనచో, ఆ యిల్లు సగము గట్టెక్కినట్లే.