పురుగు మెదడుకు ఎన్ని మార్కులు?

2005లో రెండు పేపర్లు రెండు నెలల తేడాతో అచ్చయ్యాయి. సెప్టెంబరులో వచ్చినదాంట్లో ఇండియానా విశ్వవిద్యాలయంలోని ఒలాఫ్ స్పోర్న్స్ మరో ఇద్దరితో కలిసి 'కనెక్టోమ్' అనే మాట వాడాడు. మెదడులో ఏది దేనితో ముడిపడి ఉందో చూపే పూర్తి పటం అని అర్థం. (అదే ఏడు స్విట్జర్లాండ్‌లో పాట్రిక్ హాగ్‌మన్ కూడా తన థీసిస్‌లో విడిగా ఇదే మాట కనిపెట్టాడు.) నవంబరులో కాలిఫోర్నియా భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్‌ను ప్రకటించాడు. మొదటిది మెదడును లెక్కగట్టడానికి, రెండోది ఆ లెక్కగట్టేవాళ్లను లెక్కగట్టడానికి.

హిర్ష్ లెక్క సులువే. మీ పేపర్లలో నలభై, ఒక్కోటి కనీసం నలభై సార్లు వేరే పేపర్లలో ప్రస్తావనకొస్తే (దీన్నే సైటేషన్ అంటారు) మీ అంకె 40. ఒకదానికి పదివేల సైటేషన్లు వచ్చినా దాని వాటా ఒకటే. ఈ అంకె ఏం మింగేస్తుందో తెలియాలంటే ఒక పురుగు కథ చెప్పాలి.

కేంబ్రిడ్జిలో జాన్ వైట్, ఐలీన్ సౌత్‌గేట్, నికోల్ థామ్సన్, సిడ్నీ బ్రెన్నర్ 1986లో ప్రచురించిన పేపరు 340 పేజీలు. మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ అనే పురుగును అతి పల్చటి పొరలుగా కోశారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫొటోల్లో ఒక్కో నాడీకణాన్నీ పొర తర్వాత పొర చేత్తో వెంబడించారు. మొత్తం 302 కణాలు. దీనికి పట్టింది పదేళ్ల పైమాటే. సౌత్‌గేట్ ఆ ల్యాబులో టెక్నీషియన్. పన్నెండేళ్లకు డంకన్ వాట్స్, స్టీవెన్ స్ట్రోగాట్జ్ 'నేచర్'లో ఒక పేపరు రాశారు. ఎక్కణ్నుంచి ఎక్కడికైనా కొద్ది అంగల్లో చేరిపోయే 'చిన్న ప్రపంచం' లక్షణానికి ఆ పురుగు పటాన్నీ ఒక ఉదాహరణగా చూపించారు. అది మూడు పేజీలు. సైటేషన్లలో ఆ మూడు పేజీలు 340 పేజీలను ఎప్పుడో దాటేశాయి. వాట్స్‌ని తప్పుపట్టడం లేదు. ఆ మూడు పేజీలు లేకపోతే మెదడు నెట్‌వర్క్ శాస్త్రానికి ఇప్పుడున్న రూపం వచ్చేదే కాదు. కానీ హెచ్-ఇండెక్స్ దగ్గరికొచ్చేసరికి ఇదీ ఒకటే, అదీ ఒకటే.

స్పోర్న్స్ చిట్టానే తీసుకోండి. గూగుల్ స్కాలర్‌లో పదివేల సైటేషన్లు దాటిన ఆయన పేపర్లలో ఒకటి 2009లో ఎడ్ బుల్‌మోర్‌తో రాసిన సమీక్ష. మరొకటి 2010లో మికైల్ రుబినోవ్‌తో రాసిన కొలతల పేపరు. ఈ రెండోదానితోపాటు ఒక సాఫ్ట్‌వేర్ పెట్టె ఉంది. అది వాడినవాళ్లంతా ఈ పేపరును పేర్కొంటారు. బట్ట కొలిచిన ప్రతివాడూ గజంబద్దకు దణ్ణం పెట్టినట్టు. పెట్టాల్సిందే, నాకేం అభ్యంతరం లేదు.

నన్ను నవ్వించేది వేరే. మెదడు నెట్‌వర్క్‌లో ఒక చోటు ఎంత కీలకమో తేల్చడానికి ఆ పేపరులోనే బోలెడు కొలతలున్నాయి. దానికి ఎన్ని తీగలు తగిలాయన్నది వాటిలో బాగా మోటుది. కాజీపేటను చూడండి, ఊరు పెద్దదేం కాదు. అయితే బల్లార్ష, సికింద్రాబాద్, విజయవాడ దారులు కలిసేది అక్కడే. అక్కడ పట్టాలు తెగితే ఢిల్లీ బండ్లు ఆగిపోతాయి. మెదడులో ఇలాంటి కాజీపేటలను వెతికే శాస్త్రవేత్తలకే ఉద్యోగం ఇవ్వాల్సొస్తే మాత్రం తీగలు, అంటే సైటేషన్లు, లెక్కపెట్టి ఊరుకుంటాం.

ఆ తీగలైనా నిష్పక్షపాతంగా తగులుతున్నాయా? పెన్సిల్వేనియాలో జోర్డాన్ డ్వర్కిన్, డానియెల్ బాసెట్ బృందం 2020లో అయిదు ప్రముఖ న్యూరోసైన్స్ పత్రికల రిఫరెన్సు జాబితాలను తవ్వి చూసింది. మొదటి, చివరి రచయితలు మగవాళ్లైన పేపర్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువ కనిపించాయి. ఆ తేడా తెచ్చింది కూడా ఎక్కువగా మగవాళ్లు రాసిన జాబితాలే. బాసెట్‌ది మెదడు నెట్‌వర్క్‌ల రంగమే. తమ కొలబద్దను తమ వీధి మీదికే తిప్పారన్నమాట.

మళ్లీ పటాల దగ్గరికొస్తే, 2024 అక్టోబరులో పండ్ల ఈగ మెదడు పటం పూర్తిగా వచ్చింది. 1,39,255 నాడీకణాలు. కంప్యూటరు గీసిన గీతల్లో తప్పులు దిద్దడానికి మనుషులు వెచ్చించిన కాలం, ఒక్కరే కూర్చుని చేసినట్టు లెక్కేస్తే 33 ఏళ్లు. దిద్దినవాళ్లలో ప్రొఫెసర్లు కానివాళ్లు, సరదాగా చేరిన ఔత్సాహికులు కూడా ఉన్నారు. అలాంటి మనిషికి జీవితంలో ఆ ఒక్క పేపరు మీదే పేరుందనుకుందాం. దాన్ని లక్షమంది ఉదహరించినా ఆ మనిషి హెచ్-ఇండెక్స్ 1.