పొగ కొట్టినా డెంగీ ఎందుకు ఆగదు?

వానలు మొదలవగానే కాలనీల్లో ఒకటే మాట... ‘మా వీధిలో ఫాగింగ్ ఎప్పుడు చేస్తారు?’ పొగ కొట్టిన రోజు దోమలు తగ్గినట్టే ఉంటుంది. అయినా అదే వీధి నుంచి డెంగీ జ్వరంతో ఆసుపత్రికి వస్తూనే ఉంటారు. కారణం తెలియాలంటే ముందు దోమలన్నీ ఒకటి కావని గుర్తించాలి.

మన ఇళ్ల చుట్టూ ప్రధానంగా మూడు రకాలుంటాయి. రాత్రిళ్లు చెవి దగ్గర రొదపెట్టేవి ఎక్కువగా క్యూలెక్స్. మురుగు కాల్వలు, సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతాయి. బోదకాలును వ్యాప్తి చేసేవి ఇవే. రెండోది అనాఫిలిస్. దాని పొట్టలో మలేరియా పరాన్నజీవిని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే. ఇందులో నగరాలకు అలవాటుపడిన స్టీఫెన్సీ రకం మూతల్లేని ట్యాంకుల్లో, సంపుల్లో గుడ్లు పెడుతుంది. మూడోది కాళ్లపై తెల్లచారలుండే ఏడిస్. డెంగీ, చికున్‌గన్యా తెచ్చేది ఇదే. పగటిపూట కుడుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. రాత్రి కుట్టే దోమల్ని బట్టి మనం ముప్పును అంచనా వేస్తాం. అవి లేకపోతే ‘మా ఇంట్లో దోమల్లేవు’ అనుకుంటాం. కానీ ఒక్క ఏడిస్ దోమే ఇంట్లో ఇద్దరు ముగ్గురిని కుట్టగలదు. అది మంచాల కింద, కర్టెన్ల వెనక, వేలాడే బట్టల మాటున నక్కుతుంది. వీధిలో కొట్టే పొగ అక్కడిదాకా సరిగా చేరదు. చేరినా ఎగిరే దోమలే చస్తాయి. నీళ్లలోని లార్వాలు మిగిలిపోయి, కొద్ది రోజుల్లోనే మళ్లీ దోమలవుతాయి.

మురుగు కాల్వలు శుభ్రం చేయించమని మున్సిపాలిటీని గట్టిగా అడగండి. ఇంట్లోని నీటి సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. గుడ్డు దోమగా మారడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. వారానికోసారి ‘డ్రై డే’ పాటించమనేది అందుకే. కూలర్లు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింది పళ్లేలు, మనీప్లాంట్ సీసాలు, డాబా మీది పాత టైర్లు... అన్నీ చూడండి. నీళ్లు పారబోస్తే చాలదు. అంచులకు అంటుకున్న ఏడిస్ గుడ్లు ఎండినా నెలల తరబడి బతుకుతాయి. కాబట్టి లోపలి గోడల్ని పీచుతో రుద్ది కడగాలి. పగలు నిద్రపోయే పసిపిల్లలకూ దోమతెర కట్టండి.

జ్వరం వస్తే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. డెంగీలో జ్వరం తగ్గే సమయమే కీలకం. అప్పుడు తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి రండి, తెల్లారేదాకా ఆగొద్దు.