పలుగురాయి, వెలిగారం, మన ఎమ్మెస్సీ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ హాస్టళ్లలో చదివి పీజీ దాకా వచ్చిన వాళ్లం మేము. వార్షికోత్సవ సంచికలో స్ఫటికాల గొడవ ఎందుకని తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడగవచ్చు. ఆ గొడవ మన చెలకల్లోనే ఉంది.

కాలికి తగిలే తెల్లటి పలుగురాయే క్వార్ట్జ్. 1961లో అమెరికాలో, మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంకెన్ బృందం క్వార్ట్జ్ స్ఫటికంలోకి రూబీ లేజర్ ఎర్రకాంతిని పంపితే, సగం తరంగదైర్ఘ్యంతో అతినీలలోహిత కాంతి కొద్దిగా వెలువడింది. (ఫోటోలోని ఆ చుక్కను మరక అనుకుని పత్రికవాళ్లు తీసేశారట!)

ఇప్పుడు 200 నానోమీటర్ల లోపు కాంతి కావాలి. చిప్పుల తయారీకి, సూపర్ కండక్టర్ల పరిశోధనకు అది అవసరం. క్వార్ట్జ్ ఆ కాంతిని చాలావరకు అడ్డుకోదు, దానికి సౌష్ఠవ కేంద్రమూ లేదు. అయితే ద్వివక్రీభవనం చాలదు. అందుకే పాత కాంతి, కొత్త కాంతి అందులో కలిసి నడవలేవు. అన్ని గుణాలూ ఒక్కచోట కుదిరేలా పరమాణువుల అమరికను ముందే ఆలోచించడమే స్ఫటికాల డిజైన్.

చైనాలో చెన్ చువాంగ్‌టియాన్ బృందం బోరాన్-ఆక్సిజన్ త్రికోణాలు ఒకే దిక్కుకు పరుచుకున్న కేబీబీఎఫ్ స్ఫటికాన్ని సాధించింది. అందులో విషపూరితమైన బెరీలియం ఉంది. పైగా అభ్రకంలా పొరలుగా పెరుగుతుంది, మందమైన ముక్క రాదు. చైనా దాన్ని బయటి దేశాలకు ఇవ్వడం ఆపేసిందని 2009లో లోకానికి తెలిసింది. 2017లో బెరీలియం లేని అమ్మోనియం బోరేట్ ఫ్లోరైడ్‌ను ప్రకటించినవారు ఉరుంచీ పరిశోధకులు. అది బీజింగ్‌కు రెండువేల కిలోమీటర్ల పైన ఉన్న ఎండునేల. పాలమూరు వాళ్లం ఈ మాట గుర్తుంచుకోవాలి.

బోరాన్ మనకు కొత్తదేం కాదు. కంసాలి బంగారం కరిగించేటప్పుడు వేసే వెలిగారంలో ఉన్నది అదే. మేమేమో సౌష్ఠవాన్ని పరీక్షలో ప్రశ్నగా బట్టీపట్టాం. ఒక్క స్ఫటికాన్నీ పెంచకుండానే ఎమ్మెస్సీ ప్రాక్టికల్ రికార్డుల మీద సంతకాలైపోయాయి.

ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినప్పుడు డీఎస్సీ, గ్రూప్స్ వైపు చూడటం తప్పని మేము అనం. ఇంటి అప్పు ఆగదు. కానీ వందమందిలో ఇద్దరైనా ఇటు రావాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాన్‌లీనియర్ ఆప్టిక్స్ పరిశోధన ఉంది. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయంలో స్ఫటికాలు పెంచే కొలిమి, విద్యార్థుల చేతికందేలా ఉండాలని మా డిమాండ్.

అంతదాకా ఆగనక్కర్లేదు. వచ్చే సైన్స్ డేకి రెండు గ్లాసుల్లో దారాలు వేలాడదీయండి. ఒకదాంట్లో పటిక ద్రావణం, రెండోదాంట్లో చక్కెర పాకం. పటిక స్ఫటికానికి సౌష్ఠవ కేంద్రం ఉంది, పటికబెల్లానికి లేదు. లేజర్ కాంతిని రెట్టింపు చేయగలిగేది రెండోదే.