చివరి పందెము

1967లో సికింద్రాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యమున సుప్రీంకోర్టు రమ్మీ నేర్పుగల ఆటయనియు, మూడు ముక్కలాట అట్టిది గాక కేవలము అదృష్టమేననియు చెప్పినది. పంచుట వరకైతే నిజమే. కాని మిత్రులారా, ఇద్దరే మిగిలిన చివరి ఘట్టమున బుద్ధికి పనిలేదందురా?

మా నల్లగొండ పల్లెలో పండుగపూట చింతగింజలొడ్డి పత్తాలాడెడివారము. ఇరువురును ముక్కలు చూచియే ఆడుచున్నారు. మీచేత ఎనిమిదుల జత ఉన్నది. పందెము పెంచితిరి. మీకంటె తక్కువవాడు ప్యాక్ అని లేచిపోవును, ఎక్కువవాడు మాత్రమే నిలుచును. గెలిచినచో కొసరు దక్కదు, ఓడినచో నష్టము పెరుగును! కావున మధ్యరకపు ముక్కలకు ‘షో’ అడుగుటయే ఉచితము. పెంచదగినవారు మూడు ఆసులవంటివి గలవాడును, ఏమియు లేక బెదిరింపదలచినవాడును. ఈ రెండవ విద్యలో మా మేనమామ దిట్ట; ఆయన ముఖమున ఒక్క రేఖయు కదిలెడిది కాదు.

అసలు చెరుపు మరొకటి. నడుమ కుప్పలో పడినది ఇక మనది కాదు. “ఇంత పెట్టితిని, ఇప్పుడు విడుతునా” అని మా వాడకట్టున ఒకాయన ఎడ్లజత పోగొట్టుకొనెను. ధర్మరాజునకును ఇదే జబ్బు గదా! మరునాడు ఆయన నాగలి ఇంటి గోడకే ఆనియుండెను. తొలకరి పడినది, చేను దున్నుటకు ఎరువు ఎడ్లకై ఇల్లిల్లు తిరిగినాడు.

2017 సవరణతో తెలంగాణలో పైకమొడ్డెడి ఆన్‌లైన్ రమ్మీయు నిషిద్ధమైనది. నాకు చింతగింజలు చాలును.